తోడు పాచిక

తాళాల కొట్టు,
ఆదివారం.

మా సరంగుకి,

మావయ్య దీవెనలు. నా నుంచి ఉత్తరం వచ్చిందని కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. గొంతు బొంగురుపోయి చాలా రోజులైంది కదా, డాక్టరు చూసి కొన్నాళ్ళు నోరు మూసుకోమన్నాడు. మీ అత్తయ్య ఆ మాట విని ఆయనకి ప్రత్యేకంగా థాంక్స్ చెప్పి మరీ వచ్చింది. ఫోన్లో మాట్లాడకూడదు. ఆ చిన్న అక్షరాల మీద వేలితో పొడుస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. ఆకురాయి పట్టే చేతికి కలమే నయం అనుకుని మొదలుపెట్టాను.

అసలు సంగతి చెబుతాను. మన 'గాలిదీవులు' ఆటకి నియమాల పుస్తకం వేయాలనుకుంటున్నాం. ఇన్నేళ్ళూ ఆట నా నోట్లోనే ఉంది. ఎవరైనా అడిగితే అప్పటికప్పుడు ఏదో చెప్పేవాణ్ణి, అదే నియమం. ఇప్పుడు నోటికి తాళం పడేసరికి ఆదివారాలు కొట్టు బోసిపోయింది. కార్లు నేర్పే టీచరమ్మ వస్తుంది, భూములు కొలిచి రిటైరైన మన కొలతలాయన వస్తాడు, మందుల షాపతను వస్తాడు. టీ తాగుతారు, కాసేపు నా ముఖం చూస్తారు, వెళ్ళిపోతారు. పోయిన వారం టీచరమ్మే అంది, నేను చెప్పలేకపోతే వాళ్ళే చెప్పుకుంటారట, రాసిమ్మంది. నువ్వు ప్రెస్సులో పాఠ్యపుస్తకాలకి అక్షరాలూ బొమ్మలూ పేర్చి పేజీలు కడతావు కదా. ఈ పుస్తకానికీ నువ్వే కట్టాలి.

ఆట తెలియనివాళ్ళ కోసం మొదటి పేజీ ఇలా రాశాను, చూడు:

'ఈ ఆటకి పలక లేదు, పావులు లేవు, గెలుపోటములు లేవు. బల్ల చుట్టూ కూర్చోవాలి. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు తలో మనిషిగా ఆ కథలోకి దిగి, గాలిలో తేలే దీవుల మధ్య పడవలో తిరుగుతారు. ఏం చేయాలన్నది వాళ్ళ ఇష్టం. చేసే పనిలో ప్రమాదం ఉంటే పాచిక వేయాలి. అయిదో ఆరో పడితే పని అవుతుంది. లేకపోతే దెబ్బ తగులుతుంది. మూడు దెబ్బలు తగిలితే ఆ మనిషి కథ అయిపోతుంది.'

బాగుందా? బాగులేకపోతే మొహమాటపడకుండా చెప్పు. తొందరేమీ లేదు. కానీ వానల్లోపు పూర్తయితే బాగుంటుంది.

మీ మావయ్య


ప్రెస్సు పై గది,
బుధవారం.

మావయ్యకి,

నమస్కారాలు. తొందరేమీ లేదంటూనే వానల్లోపు అన్నావు. ఈ రెంటిలో ఏది నమ్మాలో తర్వాతి ఉత్తరంలో రాయి. మా పాఠ్యపుస్తకాల కమిటీవాళ్ళు కూడా ఇలాగే అంటారు, తర్వాత మా ప్రాణాలు తోడేస్తారు.

మొదటి పేజీ బాగుంది. నీ గొంతు వినబడింది.

పేజీలు కట్టమని నన్ను అడగాలా? అమ్మ డ్యూటీకి పోతూ సెలవు రోజుల్లో నన్ను నీ కొట్లో దింపేసేది. నలుగురిలో నోరు విప్పని పిల్లని. నన్ను తీసుకెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఈ పడవకి సరంగు ఈ అమ్మాయే, ఈమె చెప్పందే పడవ కదలదు అన్నావు. అంత పెద్దవాళ్ళూ చేతులు కట్టుకుని నా నోటి వంక చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపు కూర్చున్నారో ఏమో, చివరికి నేను "ఎడమవైపు" అన్నాను. పడవ ఎడమవైపు తిరిగింది. ఇవాళ మేనేజరుతో నిలబడి మాట్లాడుతున్నానంటే ఆ రోజు చలవే. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. ఉత్తరం కాబట్టి చెప్పగలిగాను.

నీ బల్ల దగ్గర ఎప్పుడైనా కూర్చున్న ప్రతివాళ్ళకీ కబురు పెట్టాను. గుర్తున్న నియమాలన్నీ రాసి పంపమన్నాను. మావయ్యా, ఇంతమందికి ఎప్పుడు ఆడించావు? ఊళ్ళు మారిపోయినవాళ్ళు, పెళ్ళిళ్ళయి పిల్లలున్నవాళ్ళు, అందరూ రాస్తున్నారు. ఒకాయన పడవలో పిల్లి ఉంటే తుఫాను రాదని రాశాడు. ఒకావిడ బొమ్మలు వేసిస్తానంది, అడక్కుండానే ఆరు వేసి పంపింది కూడా. ఇబ్బందల్లా ఒక్కటే. ఒకరి నియమం ఇంకొకరికి పడదు. పసరు మందు తాగితే ఒక దెబ్బ మానుతుందని కొలతలాయన, రెండు మానతాయని మందుల షాపతను. ఏది నిజం?

సరంగు


తాళాల కొట్టు,
శనివారం.

మా సరంగుకి,

దీవెనలు. నీ ఉత్తరం అత్తయ్యకి చదవడానికిచ్చాను. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, కళ్ళజోడు మసకగా ఉందంది. నేనూ అదే అన్నాను, పలక మీద రాసి.

పసరు మందు సంగతి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ రోజు ఎవరి ముఖం వాడి ఉంటే వాళ్ళకి ఎక్కువ నయం చేసేవాణ్ణి. మందుల షాపతను మొదట్లో అప్పుల గొడవల్లో ఉండేవాడు, అందుకని అతనికెప్పుడూ రెండు మానేవి. ఇప్పుడిది పుస్తకంలో ఎలా రాస్తాం? ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చుకోమన్నాను. మధ్యాహ్నమంతా పోట్లాడుకుని, ఒక దెబ్బే మానాలి గానీ మందు ఎవరైనా వేరేవాళ్ళు తాగించాలని తేల్చారు. నేను పెట్టిన నియమం కన్నా బాగుంది.

ఇక్కడ అంతా ఇలాగే ఉంది. కొలతలాయన దీవుల పటం గీస్తున్నాడు. గాలిలో తేలే దీవులకి సరిహద్దు రాళ్ళు పెడతానంటాడు, వద్దంటే వినడు. టీచరమ్మ ప్రతి పేజీనీ బండి నేర్చుకునేవాడికి చెప్పినట్టు చదివి, అర్థంకాని వాక్యం కింద గీత కొడుతుంది. పేజీ అంతా గీతలే. కోపం రావాలి, రావడం లేదు. నేనేదో సరదాకి మొదలుపెట్టిన ఆట కోసం ఇంతమంది పనులు మానుకుని కూర్చుంటే, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియడం లేదు.

అడగాల్సినవన్నీ ఇప్పుడే అడిగెయ్. తర్వాత నన్నడిగి లాభం ఉండదు.

మీ మావయ్య


ప్రెస్సు పై గది,
సోమవారం.

మావయ్యా,

ఈసారి నమస్కారాలూ లేవు, కుశల ప్రశ్నలూ లేవు.

పటం పేజీ గురించి నిన్న టీచరమ్మకి ఫోన్ చేశాను. ఆపరేషన్ అయ్యాక ఎలాగూ మాట ఉండదు కాబట్టి నీకు తొందరగా ఉందని మాటల్లో అనేసింది. నాకు తెలుసనుకుంది పాపం. తెలియదని గ్రహించి మళ్ళీ పటం మాటెత్తింది. చివరికి అంతా చెప్పింది. గొంతులో గడ్డ అట. మందులకి లొంగలేదట. స్వరపేటిక మొత్తం తీసేస్తారట.

కొన్నాళ్ళు నోరు మూసుకోమన్నాడని రాశావే, ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళు మావయ్యా? ఊరూ పేరూ తెలియనివాళ్ళు కూడా నీకోసం నియమాలు రాసి పంపుతుంటే, నాకు మాత్రం కట్టుకథలు చెబుతావా? బస్సెక్కి వచ్చి నిన్ను కేకలేద్దామనుకున్నాను. తిరిగి కేకలేయలేని మనిషిని ఏం కేకలేయను.

పుస్తకం పక్కన పెట్టేస్తున్నాను. ముందు నీ సంగతి చూద్దాం. ఇంకో డాక్టరుకి చూపిద్దాం.

సరంగు


తాళాల కొట్టు,
గురువారం.

తల్లీ,

కోప్పడు. నీకు ఆ హక్కుంది. కానీ ఇద్దరు డాక్టర్లకి చూపించాం, ఇద్దరిదీ ఒకటే మాట. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు ఇచ్చి ప్రాణం తెచ్చుకోవడమే.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు ఏడుస్తూ పేజీలు కడతావు. ఆటల పుస్తకం ఏడుస్తూ కట్టకూడదు. అంతకంటే పెద్ద కారణం లేదు.

ముందు నీ సంగతి అన్నావు. నా సంగతి ఆ పుస్తకమే. కొట్టు నడవడానికి గొంతు అక్కర్లేదు, తాళాలు మాటలు అడగవు. మీ అత్తయ్యతో కాపురానికి అసలే అక్కర్లేదు, ఆవిడ ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది. నా భయమల్లా ఆ బల్ల గురించే. కొలతలాయన భార్య పోయాక ఇంట్లో ఒక్కడే ఉంటాడు, ఆదివారం కోసం వారమంతా బతుకుతాడు. మందుల షాపతను ఇక్కడ తప్ప ఎక్కడా నవ్వడు. నా గొంతుతో పాటు ఆ ఆట కూడా పోతే వీళ్ళు రెండు ఆదివారాలు మొహమాటానికి వస్తారు, మూడోవారం మానేస్తారు. నేను లేకుండా ఆట నడుస్తుందని చూసుకుని ఆ ఆపరేషన్ బల్ల ఎక్కితే నాకు దిగులుండదు. అంతే నా కోరిక.

పేజీలు కట్టు, తల్లీ.

మీ మావయ్య


ప్రెస్సు పై గది,
ఆదివారం.

మావయ్యకి,

నమస్కారాలు. కోపం ఇంకా ఉంది, దాని పాటికి అది ఉంటుంది. పేజీలు కట్టాను. ఏడవలేదు. కొంచెమే.

ఇవాళ మా ప్రెస్సులో పరీక్షించి చూశాం. బైండింగ్ చేసే అక్క కథ చెప్పింది. ప్రూఫులు దిద్దే పెద్దాయనా, మెషీన్ నడిపేవాళ్ళిద్దరూ ఆడారు. ఒక్కరికీ ఆట తెలియదు. పుస్తకం చేతికిచ్చి, ఏమడిగినా నోరెత్తనని చెప్పి మూల కూర్చున్నాను.

ఏం చెప్పను మావయ్యా. మొదటి దీవి దాటలేదు. వంతెన దగ్గర ఒకడు పోయాడు, గుహ దగ్గర ఇంకొకడు. ప్రూఫుల పెద్దాయన కథ నిచ్చెన ఎక్కుతూనే అయిపోయింది. ఒకరు పాచిక వేస్తుంటే మిగతావాళ్ళు గోడ గడియారం చూస్తున్నారు. టీ చల్లారకముందే ఆట ముగిసింది. "ఇది ఆటలా లేదు, పరీక్ష రాసినట్టుంది" అంది బైండింగ్ అక్క. నా మనసు నొచ్చుకోకూడదని బొమ్మలు బాగున్నాయని కూడా అంది.

నియమాలన్నీ ఒకటికి రెండుసార్లు చూశాను. అందరూ పంపినవి అన్నీ ఉన్నాయి. పిల్లి కూడా ఉంది. ఏదో లోటుంది, అదేమిటో నాకు చిక్కడం లేదు. నకలు ఒకటి దీంతో పంపుతున్నాను, మీరు ఒకసారి పుస్తకం పట్టుకుని ఆడి చూడండి. టీచరమ్మ కథ చెప్పాలి. నువ్వు ఊరికే చూస్తూ కూర్చో. కనుబొమలు కూడా ఎగరేయకూడదు.

సరంగు


తాళాల కొట్టు,
ఆదివారం, వాన.

మా సరంగుకి,

దీవెనలు. నీ ఉత్తరం అందిన రోజు నేను అన్నం సరిగా తినలేదు. ఉన్నమాట చెబుతున్నాను. ఇన్నాళ్ళూ ఆటలో ఏదో ఉందనుకున్నాం, ఉన్నదంతా నా వాగుడే అనిపించింది. వాగుడికి పుస్తకం వేస్తే ఏం లాభం, ఆపెయ్యమని నీకు ఒక ఉత్తరం కూడా రాశాను. పోస్టు చేయకుండా మీ అత్తయ్య దాచేసింది. ఆవిడకి ఎవరి ఉత్తరాలైనా చదివే హక్కుంది.

ఇవాళ నువ్వు చెప్పినట్టే ఆడారు. టీచరమ్మ కథ చెప్పింది. నేను స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని. మీ అత్తయ్య మామూలుగానే గల్లాపెట్టె దగ్గర కూర్చుని పాత తాళంచెవులు తీగకి గుచ్చుకుంటోంది. మన ఆటని ఆవిడ ఏనాడూ పట్టించుకోలేదు కదా, పెద్దవాళ్ళ పిల్లచేష్టలంటుంది.

వంతెన వచ్చింది. కొలతలాయన దాటాలి. టీచరమ్మ పుస్తకంలో చూసి పాచిక వేయమంది. ఆయన పాచిక చేతిలోకి తీసుకున్నాడు. వేయడం లేదు. ఆవిడ మళ్ళీ చెప్పింది. వేయడం లేదు. మర్యాదగా నా వంక చూస్తూ కూర్చున్నాడు. ఏమైందని టీచరమ్మ అడిగితే, "ఇంకా అడగలేదుగా" అన్నాడు.

"ఏం అడగాలి?"

ఆయనకీ చెప్పడం రాలేదు. అప్పుడు చూశాను. మందుల షాపతను కూడా తన పాచిక గుప్పిట్లో పట్టుకుని ముందుకి వంగి ఉన్నాడు. టీచరమ్మ చేతిలో పుస్తకం, రెండో చేతిలో ఆవిడకే తెలియకుండా ఇంకో పాచిక. ముగ్గురూ నా నోటి వంక చూస్తున్నారు. నాకేమో గొంతు పెగలదు, మాట్లాడకూడదు కూడా.

మీ అత్తయ్య తల ఎత్తలేదు. తాళంచెవి తీగకి గుచ్చుతూనే, "ఎవరు తోడొస్తారు?" అంది.

"నేనొస్తా" అని మందుల షాపతనూ టీచరమ్మా ఒక్కసారే పాచికలు బల్ల మీద పడేశారు.

సరంగూ, అర్థమైందా? ప్రమాదం వచ్చిన ప్రతిసారీ నేను ఆ ముక్క అడిగేవాణ్ణి. తోడొచ్చినవాళ్ళూ పాచిక వేసేవాళ్ళు. ఎవరో ఒకరికి అయిదో ఆరో పడితే చాలు, పని అయినట్టే. ఎవరికీ పడకపోతే మాత్రం తోడొచ్చిన అందరికీ దెబ్బ. ఇన్నేళ్ళూ ఆట నడిచింది దానిమీదే. అంతమంది అన్ని నియమాలు రాసి పంపారు, పిల్లిని కూడా మరచిపోలేదు, ఇది ఒక్కరూ రాయలేదు. నేనూ రాయలేదు. అందరం దాన్ని నా నోటి అలవాటనుకున్నాం. తలుపు తడితే 'ఎవరూ' అన్నట్టు.

తర్వాత మీ అత్తయ్యని పలక మీద అడిగాను, నీకెలా గుర్తుందని. ఇన్నేళ్ళు ఒకే మాట చెవినపడితే గోడలకైనా వస్తుందంది. కానీ టీ పెట్టడానికి లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

ఈ నియమం మీ అత్తయ్యదని లోపల రాయి. అట్ట మీద మాత్రం ఎవరి పేరూ వద్దు.

మీ మావయ్య


ప్రెస్సు పై గది,
మంగళవారం.

మావయ్యకి, అత్తయ్యకి,

నమస్కారాలు. నీ ఉత్తరం ప్రెస్సులో నిలబడి చదివాను, అక్కడే స్టూలు లాక్కుని కూర్చుండిపోయాను. నేనూ రాయలేదు మావయ్యా. నన్ను సరంగుని చేసిన రోజు నుంచీ వింటున్నాను. పేజీలు కట్టిందాన్ని, నాకే తట్టలేదు.

అప్పటికప్పుడు అందరినీ మళ్ళీ కూర్చోబెట్టాను. బైండింగ్ అక్క కొత్త పేజీ చదివి ఆట మొదలెట్టింది. అదే వంతెన. ప్రూఫుల పెద్దాయన పాచిక తీశాడు. అక్క "ఎవరు తోడొస్తారు?" అని చదివింది. మెషీన్ కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన అంటే వాళ్ళకి పడదు, తప్పులు దిద్దీ దిద్దీ విసిగిస్తాడు. కాసేపటికి అందులో ఒకడు "సరే, పదండి సార్, నేనొస్తా" అన్నాడు. ఆ తర్వాత గడియారం వంక ఎవరూ చూడలేదు. మేనేజరు వచ్చి లైట్లు ఆర్పుతానంటే ఆయనకీ ఒక పాచిక ఇచ్చాం.

అట్ట మీద ఒక్క పేరూ ఉండకూడదన్నావు, అలాగే చేశాను. లోపలి పేజీలో సాయం చేసినవాళ్ళందరినీ వేశాను. అత్తయ్యది మొదట వేశాను. నీది ఎక్కడ వేయాలో తెలియక చివర వేశాను, కింద ఖాళీ వదిలి. ఆ ఖాళీ కొత్తగా ఆడేవాళ్ళు తమ పేర్లు రాసుకోవడానికి.

మొదటి రెండు ప్రతులు అక్క తన చేత్తో కుట్టింది. ఆపరేషన్‌కి ముందురోజు నేనే తెస్తాను. ఆలోపు మాట్లాడడానికి డాక్టరు ఒప్పుకుంటే ఆఖరి మాట ఏం మాట్లాడతావు? నాతో మాట్లాడమని అడగడం లేదు. ఊరికే అడుగుతున్నా.

సరంగు


ఆసుపత్రి, రెండో అంతస్తు,
శుక్రవారం.

మా సరంగుకి,

మావయ్య దీవెనలు. పుండు బాగా మానుతోందన్నారు. గొంతు దగ్గర చిన్న కిటికీ పెట్టారు, దానిలోంచే ఊపిరి. ముక్కుకి పని తగ్గింది. పలక ఎప్పుడూ చేతిలోనే ఉంటోంది. ఇక నేను చెప్పేది చదవాలా వద్దా అన్నది తన ఇష్టమంటోంది మీ అత్తయ్య. ఆఖరి మాట ఏమిటని అడిగావుగా. ఆవిడతో మాట్లాడాను. ఏం మాట్లాడానో నీకు చెప్పను.

కొట్టు నుంచి కబురు వచ్చింది. పోయిన ఆదివారం టీచరమ్మే షట్టర్ తీసిందట, ఇద్దరు కొత్తవాళ్ళు కూడా వచ్చారట. కొలతలాయన వాళ్ళకి సరిహద్దు రాళ్ళ గురించి పాఠం చెప్పాడట. ఆ కబురు చదివి హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు తెచ్చిన రెండో ప్రతి కనబడలేదని ఇల్లంతా వెతికిస్తున్నావట. అది ఇక్కడే ఉంది. నన్ను లోపలికి తీసుకెళ్ళిన రోజు నువ్వు హాల్లో కిటికీ దగ్గర కూర్చున్నావు కదా, అక్కడే మరచిపోయావు. నడవమన్నారని నిన్న సాయంత్రం మెల్లగా హాలుదాకా వెళ్ళాను. చూద్దును కదా, కిటికీ దగ్గర బల్ల చుట్టూ నలుగురు. కాలికి కట్టుతో ఒక బస్సు డ్రైవరు పుస్తకం పట్టుకుని కథ చెబుతున్నాడు. నేను నిలబడి చూస్తుంటే కుర్చీ జరిపి, ఆడతారా అని సైగ చేశాడు. ఆట ఎలా ఆడాలో మొదటి నుంచీ ఓపిగ్గా వివరించాడు. అన్నిటికీ తల ఊపాను. ఎవరిగా ఉంటారని అడిగితే పలక మీద 'పడవలో వంటవాడు' అని రాశాను. నోటితో తినే యోగం ఇంకా రాలేదు, కనీసం వండుదామని.

తాడు తెగిపోయింది. దీవి నుంచి పడవలోకి వంటవాడు దూకాలి. వార్డులో ఉన్నది ఒక్కటే పాచిక, అది నా చేతిలో పెట్టారు. డ్రైవరు పుస్తకంలో వేలు పెట్టి వెతుక్కుని, తలెత్తి, స్టాపు పేరు పిలిచినట్టు "ఎవరు తోడొస్తారు?" అన్నాడు.

సరంగూ, ఆ మాట ఇన్నేళ్ళూ నేను అడిగినవాణ్ణే. నా కోసం ఎవరూ అడగగా వినలేదు. కథ చెప్పేవాడికి ప్రమాదాలుండవు కదా. పక్కన కూర్చున్న ముసలావిడ, నా పేరు కూడా తెలియదు ఆవిడకి, సెలైన్ సూది ఉన్న చెయ్యి ఎత్తింది. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ. నాకు కళ్ళు కనబడలేదు. గొంతు ఉంటే ఏం మాట్లాడేవాణ్ణో తెలియదు, లేకపోవడమే మేలైంది.

నేను వేశాను, రెండు. పాచిక చేతులు మారింది. ఆవిడకి మూడు, తర్వాత ఒకటి, తర్వాత మళ్ళీ రెండు. ఒక్కరికీ అయిదూ పడలేదు, ఆరూ పడలేదు. అందరం కలిసి మబ్బుల్లో పడ్డాం. నర్సు వచ్చి ఆసుపత్రిలో ఏమిటీ నవ్వులని కేకలేసింది. శబ్దం లేకుండా నవ్వేది నేనొక్కణ్ణే కాబట్టి నన్ను మాత్రం ఏమీ అనలేదు.

ఆ పుస్తకం ఎవరు రాశారో నేను చెప్పలేదు. దాన్ని ఇక్కడే వదిలేస్తున్నాను, నీకు ఇంకోటి కుట్టించుకో. కింద నువ్వు వదిలిన ఖాళీలో వాళ్ళు పేర్లు రాసుకుని నన్నూ రాయమన్నారు. 'వంటవాడు' అని రాశాను.

రేపు మళ్ళీ ఆడతాం. మూడు దెబ్బల్లో నాకు తగిలింది ఒక్కటే.

మీ మావయ్య